సైకిల్ ఏ సగంలో ఉంది?

మ్యూనిక్‌లో ఎక్కగానే వెరెనా తన సైకిల్‌ని రైలు చివర సైకిళ్ల పెట్టెలో కొక్కేనికి తగిలించి, అందరిలాగే హ్యాండిల్‌కి చీటీ కట్టింది. పేరు, ఫోన్ నంబరు, దిగే ఊరు లుబ్ల్యానా. ముందు దిగేవాళ్లవి బయటివైపు సర్దుకోవాలిగా మరి. రేపు పొద్దున అక్కణ్ణుంచి స్నేహితులతో సముద్రం దాకా తొక్కాలి. ఆ సైకిల్ లేకపోతే ఆ ప్రయాణమే లేదు.

విల్లాక్‌లో రైలు ఆగాక కండక్టరమ్మ టికెట్ చూసింది. "ఇక్కడ రైలు రెండవుతుంది. ఈ ముందు సగం లుబ్ల్యానాకి, వెనకది వెనిస్‌కి."

"నా సైకిల్ వెనకుందండీ."

"ముందు సగంలోనూ సైకిళ్ల పెట్టె ఉందిగా, అక్కడెందుకు పెట్టావ్? ఇంకా కూర్చున్నావేంటమ్మా, నీ బదులు నేను పరిగెత్తనా?"

వెరెనా ప్లాట్‌ఫారమ్ మీద జనాన్ని తోసుకుంటూ పరిగెత్తి వెనక పెట్టెలోకి దూకింది. కొక్కెం ఖాళీగా ఉంది. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అనుకునేలోపే తలుపు మూసుకుంది, రైలు కదిలింది, ఫోన్ మోగింది.

"వెరెనాగారేనా? నా పేరు లోరెంజ్. పెట్టె తప్పని తెలిసి నా సైకిల్ ముందుకి మార్చుకుంటుంటే మీ చీటీ కనబడింది. పాపం, మీరూ లుబ్ల్యానాకేగా అని మీదీ మార్చేశా. ఏ సీట్లో ఉన్నారు? వచ్చి చూపిస్తా."

వెరెనా తన సీటు నంబరే చెప్పింది. అక్కడ తన కోటూ, సగం తిన్న ప్రెట్జెలూ ఉన్నాయి. అన్నీ లుబ్ల్యానా చేరతాయి, తను తప్ప.