ముఖాలు చెరిపిన ఫోటో

మా దీవుల రాజధాని సువాలో మా ఇంటికి బోర్డు లేదు. భర్తల దెబ్బలకు తాళలేక వచ్చిన ఆడవాళ్లు అక్కడ తలదాచుకుంటారు. కుట్టు తరగతి ఫోటో ఒకటి మా పేజీలో పెట్టమని దాతలు అడిగారు. ముఖాలు చెరిపే పని నాకు పడింది.

మూడు యాప్‌లు వాడి చూశాను. మొదటిది ముఖాల మీద పసుపు నవ్వుబొమ్మలు అతికించింది.

"ఛీ, చర్చి పిక్నిక్‌లా ఉందక్కా," అంది ఉనైసి. ఆమె మూడు నెలల క్రితం కూతురిని చంకనేసుకుని కందవు దీవి నుంచి పారిపోయి వచ్చింది. ఆచూకీ తెలిస్తే భర్త ఆ రోజే పడవెక్కుతాడు.

రెండోది మసక చేసింది గానీ ఆమె దవడ మీది మచ్చ తెలుస్తూనే ఉంది. మూడోది ఫోన్‌లోనే పనిచేస్తుంది, ఫోటోను బయటికి పంపదు. ముఖాలున్నచోట బూడిదరంగు గళ్లు మిగిల్చింది.

"ఇదే పెట్టు. మా అమ్మ చూసినా 'ఎవరమ్మా నువ్వు' అంటుంది," అని ఉనైసి పగలబడి నవ్వింది.

జాగ్రత్త కోసం అసలు ఫోటో కూడా ఫోన్‌లోంచి చెరిపేశాను.

ఫోటో పేజీలో పెట్టిన నాలుగో రోజు పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి.

"మా వదిన ఉనైసి మీ దగ్గరుందిగా?"

"ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరండి."

"దాచకమ్మా. ఫోటోలో ఆమె వేసుకున్న గౌను, మా నాన్న చావుకి ఇంటిల్లిపాదికీ ఒకే అచ్చుతో కలవత కుట్టించిన గుడ్డ అది. ఫోటో చూడగానే 'అదిగో మన గుడ్డ' అని నేనే అరిచాను. అన్నయ్య పక్కనే ఉన్నాడు. నా నోరు పడిపోను! ఆమెని ఎటైనా పంపించెయ్యండి."

గుడ్డ చూసి ఏ ఇంటివాళ్లో చెప్పగల మనుషులం మేము. నా పెట్టెలోనే పెళ్లిళ్లవీ చావులవీ అలాంటివి ఆరున్నాయి. ఆ రోజు మాత్రం అందరం ముఖాలే చూశాం.

"ఫోటో అంటే మంచిది వేసుకోవాలి కదక్కా," అంది ఉనైసి మూట కడుతూ. "నాకున్న మంచిది అదొక్కటే." ముడి బిగించి అడిగింది. "ముఖం చెరపని ఫోటో ఒకటి ఇస్తావా? పిల్లతో కలిసి దిగింది ఆ ఫోటో తప్ప ఇంకోటి లేదు."

నా దగ్గర లేదని చెప్పలేక చెప్పాను. ఫోన్‌లో ఉన్నదే తెరిచి చూపించాను.

పిల్ల ముందుకు వంగింది. గళ్లను చూడనే లేదు. గౌను మీద వేలు పెట్టి, "అమ్మ," అంది.