తొమ్మిదంగుళాల వెడల్పు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. సన్నటిది ఏదీ ఆయనకు నచ్చదు. దోసె పల్చగా పోస్తే పేపరు వడ్డించావా అంటారు. పెళ్లిచూపుల్లో నన్ను చూడగానే ఎందుకు ఒప్పుకున్నారో కూడా ఇప్పుడు అర్థమవుతోంది.

శాంతిరాజ్ గారు ఇరవై రెండేళ్లుగా ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతున్నారు. వానాకాలం బురదలో దిగబడకుండా దాన్ని కాపాడేది టైరు వెడల్పే కనుక, లోకంలో అన్ని జబ్బులకూ అదే మందని ఆయన నమ్మకం.

ఈసారి ఆ మందు మా పాత స్పోర్ట్స్ కారుకు పడబోయింది. రెండే తలుపులు, రెండే సీట్లు. వయసులో మా పెళ్లికన్నా పెద్దది. బెల్లంపల్లిలో ఒక రిటైరైన ఇంజనీరు షెడ్డులో కోళ్లు కాపురముంటున్నదాన్ని కొని, మూడేళ్లలో ఇంజను మార్చి, ఎత్తు తగ్గించి, ఎర్రరంగు వేయించారు. మొదట్లో నేను దాన్ని సవతి అనేదాన్ని. ఎర్రరంగులో వెనక మడ్‌గార్డు వంపు చూశాక మెత్తబడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక చక్రాలే మిగిలాయి. గోదావరిఖనిలో మెకానిక్ మన్సూర్ భాయ్ రెండు రకాలు తెప్పించాడు: ఏడంగుళాల వెడల్పువి, తొమ్మిదంగుళాలవి. ఆదివారం ప్రార్థన కాగానే వెళ్లేసరికి వెనక తొమ్మిదంగుళాలవి బిగించి ఉన్నాయి.

"లోపల స్ప్రింగు అడ్డమున్నది అన్నా. వెడల్పంతా బయటికే వచ్చింది, మడ్‌గార్డు అంచుల లోపలికి మడిచిన రేకు తగుల్తది. ఇవే కావాలంటే ఆ మడత కొయ్యాలె" అన్నాడు మన్సూర్ భాయ్.

"కోసెయ్."

"ఒకసారి కోస్తే ఖతం. గీ బండికి ఇంకో మడ్‌గార్డు ఏడా దొర్కదు."

"ఫికర్ చెయ్యకు. నేను కొలిచిన. మడత పోతే వేలు దూరేంత సందు ఉంటది."

నా వంపు మీద చాక్‌పీసు గీత పడింది. కటింగ్ మిషను ప్లగ్గు కూడా పెట్టేశారు.

"ఖాళీ బండిని కొలిచిన్రా?" అన్నాను.

"మరెట్ల కొలుస్తరు?"

"మీ డంపరు ఖాళీగున్నప్పుడు ఎత్తెంత, లోడైనంక ఎత్తెంత?"

"గది వంద టన్నులు. గిందుల కూసునేది నువ్వు, నేను."

"నన్ను గంత తక్కువ అంచనా వెయ్యకున్రి."

మన్సూర్ భాయ్ ఉన్నట్టుండి కిందికి వంగి, చేతిలోనే ఉన్న స్పానరును వెతకడం మొదలుపెట్టాడు.

మెకానిక్ షెడ్డు వెనకే మన్సూర్ భాయ్ ఇల్లు. అతని భార్య ఫక్రున్నీసా రొట్టెల పిండి కలుపుతోంది. ఒక ముద్ద అడిగాను.

"దేనికి భాభీ?"

"మడ్‌గార్డుకు."

మెకానిక్ భార్య కదా, మారుమాట లేకుండా ఇచ్చింది.

చాక్‌పీసు గీతకు పైన, మడత కోసినా మిగిలే రేకుకు లోపలివైపు ఆ పిండి అంటించాను. మేమిద్దరం లోపల కూర్చున్నాం. మన్సూర్ భాయ్ డిక్కీ మీద కూర్చుని గట్టిగా ఊపాడు. దిగి చూస్తే పిండి అప్పడమైంది. దాని మీద టైరు అచ్చు.

"పిండి ఎక్కువ పెట్టినవ్" అన్నారు ఆయన.

ఈసారి ఆయనే పెట్టారు, బొట్టుబిళ్లంత పల్చగా. మెల్లగా నడుపుకుంటూ సందు చివర స్పీడ్ బ్రేకరు దాటించుకొచ్చారు. పిండి లేదు. అది ఉన్నచోట రేకు మీద నల్లటి గీర. అంటే మడత మొత్తం కోసేసినా టైరు తగిలేదే.

ఎవరూ ఏమీ అనకముందే మన్సూర్ భాయ్ ఏడంగుళాలవి బిగించాడు. మళ్లీ పిండి, మళ్లీ స్పీడ్ బ్రేకరు. ఈసారి నా వేలిముద్రలతో సహా ముద్ద భద్రంగా తిరిగొచ్చింది.

మా ఆయన గొంతుక్కూర్చుని చాక్‌పీసు గీతను జేబురుమాలుతో తుడిచారు. మిషను ప్లగ్గు పీకారు. తర్వాత చక్రం వైపు చూస్తూ ఏదో గొణిగారు.

"చక్రానికి చెప్తున్నరా, నాకా?"

"నీకే సుసన్నా. రోజూ లోడు మోసే మనిషిని, లోడే మర్చిపోయిన. నాదే తప్పు."