లాడం ఎరగని గుర్రం

సుదర్శన్‌రావు దొర నాకు చేసిన అన్యాయం చచ్చేదాకా మరిచిపోను. నా గుర్రం జాతి తన దొడ్లో పుట్టిందని మంచిర్యాలంతా చెప్పుకుంటున్నాడు. అబద్ధం. పుట్టింది నా రేకుల కొట్టంలో. దాని తల్లిని మాలేగావ్ జాతరలో ఏరి కొన్నది నేను.

ఆరేళ్ల కింద దొర దగ్గర ఒక రేసు గుర్రం ఉండేది. పొడవైన కాళ్లు, పట్టులాంటి తోలు. మోకాలు చెడి మూలన పడింది. నాది మాలేగావ్‌లో కొన్న దక్కనీ ఆడ టట్టు, పెళ్లి బరాతులకు తిప్పేది. పొట్టిదే, కానీ జొన్న సొప్ప తిని రోజంతా నడిచేది. రెండింటినీ కలిపితే సవారీకి ఎదురులేని గుర్రం పుడుతుందని నాకు తెలుసు. ఏడో తరగతి దాటనివాడి మాట ఎవడు వింటాడు?

"దొరా, మీ గుర్రాన్ని ఒక్కపారి నా దాని మీదికి ఇడువుండ్రి" అన్నాను.

దొర పకపకా నవ్వాడు. "ఏంరా కైలాసం, నా గుర్రానికి నీ మేక కావాల్నా? గంత మోజుంటే కొనుక్కపో. మా మామిడితోట పక్కన నీ చెలక ఉన్నది గదా, గది రాసియ్యి."

కుంటి గుర్రానికి చెలక! రాసిచ్చాను. నా భార్య కొమురవ్వ ఆ చెలక గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

మరుసటేడు నా టట్టుకు ఆడపిల్ల పుట్టింది. ఆ వానాకాలమే రేసు గుర్రం చచ్చిపోయింది. ఇక ఆ జాతికి ఉన్నది ఇదొక్కటే. తండ్రి కాళ్లు, తల్లి గిట్టలు. మూపు నా గడ్డం దాకా పెరిగింది. దాణా కోసం మారాం చేయదు. పరుగులో దాని వీపు మీద నీళ్ల చెంబు పట్టుకుని కూర్చోవచ్చు. గిట్టలు నల్లరాళ్లే, లాడం కొట్టే పనే పడలేదు.

మొన్న చలికాలం దొర బిడ్డ ప్రణతి కొత్త గుర్రమెక్కి జైనూర్ గుట్టలకు వెళ్లింది. తోడుగా నేను నా గుర్రం మీద వెళ్లాను. రాళ్ల దారిలో వాళ్ల గుర్రానికి లాడం ఊడి కాలు కుంటుపడింది. అమ్మాయిని నా గుర్రమెక్కించాను. దిగువన జీపులో ఎదురుచూస్తున్న తండ్రి ముందు దూకుతూ దిగింది.

"డాడీ, లక్షలు పోసి కొన్నవు. కైలాసం కాక గుర్రం ముందట మనది గాడిదే!"

మర్నాడే దొర నా వాకిట్లోకి వచ్చాడు. జాతరలో బేరగాళ్లలా మా ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పాడు.

"నీ చెలక నీకే వాపస్. పైకం వేళ్లల్ల చూస్కో, ఏలుకు లక్ష."

రెండు వేళ్లు నొక్కాడు. తల అడ్డంగా ఊపాను. మూడోది కూడా నొక్కాడు.

"ఒప్పుకోవయ్యా, మన చెలక మనకొస్తది" అంది కొమురవ్వ గడపలోంచి.

తువ్వాల కింద పిడికిలి బిగించాను.

"గిది పోతే జాతే మీదైతది దొరా. నేనమ్మను."

"అయితే చెలకను మర్చిపో."

"మర్వను. గుర్రాన్నీ ఇయ్య."

దొర తువ్వాల దులుపుకుని పోయాడు. ఇప్పుడు నా గుర్రం కడుపులో పిల్ల ఉంది. నిర్మల్ నుంచి ఇద్దరు వచ్చి, ఈనకముందే అడిగిపోయారు. ఎవరేం చెప్పుకున్నా జాతి నాది. దానికోసం నేను పోగొట్టుకున్నది ఒక ఎకరం పదమూడు గుంటల ఎర్ర చెలక.