నలభై ఒకటో రాయి

"కాలరు కాస్త గట్టిగా నొక్కు. ఇవాళ మీటింగులో అందరి కళ్ళూ నా మీదే ఉంటాయి," అన్నాడు మా ఆయన, అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతూ. చొక్కా ఇస్త్రీ చేస్తూనే బల్ల మీదున్న రిపోర్టు తిరగేశాను. అట్ట మీద ఆయన పేరొక్కటే ఉంది. నా పేరు చివరి పేజీలో, ఫొటోలు తీసినవాడికీ టైపు కొట్టినవాడికీ మధ్య, 'ప్రయోగశాల సహాయం' అని. నాలుగేళ్ళ నా కష్టం అది!

మేమిద్దరం పనిచేసే కంపెనీ బావుల్లో దొరికే ముడిచమురు సముద్రం అడుగు రాళ్ళలో పుట్టిందనే అందరూ అనుకునేవారు. కాదు, కోట్ల ఏళ్ళ కిందటి మంచినీటి సరస్సుదని, అందులో చచ్చి అడుగున పేరుకున్న నాచుదని తేల్చింది నేను. రాళ్ళు పొడి కొట్టి, ద్రావకంలో నానబెట్టి, దిగిన సారాన్ని యంత్రానికెక్కించి, అది గీసిన గీతల్ని చమురు గీతలతో పోల్చి పోల్చి కళ్ళు మండిపోయేవి. క్రీము రాసుకుంటే ఆ జిడ్డు కూడా గీతల్లో కనబడుతుందని, చేతులు పగిలి నెత్తురొచ్చినా ఏమీ రాసుకోలేదు. "ఆ గరుకు చేతులతో ముట్టుకోకు," అనేవాడు ఈయన. అత్తగారైతే, "రాళ్ళు కడిగే ఉద్యోగానికి ఇంత చదువెందుకే తల్లీ," అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేకుండా.

ఇదే మనిషి పెళ్ళికి ముందు, అప్పుడే పగలగొట్టిన రాయిని వాసన చూసి నేను "ఇందులో నూనె ఉంది" అంటే, "నీ ముక్కుకి దండం పెట్టాలి!" అని పొంగిపోయాడు. ఆ ఒక్క మాటకే కరిగిపోయి కట్టుకున్నాను.

"అట్ట మీద నా పేరేదీ?" అని అడిగాను.

"మొగుడూ పెళ్ళాల పేర్లు పక్కపక్కనుంటే శుభలేఖలా ఉంటుందే! అయినా ఎవరి పేరైతేనేం, వచ్చే మంచి పేరు మన ఇంటికేగా?"

పేజీ తిప్పాను. అన్నిటికన్నా గొప్ప రాయి అంటూ నలభై ఒకటోదానికి ఎర్ర గీత గీశాడు. అది నేను పనికిరాదని తీసేసిన రాయి. బావి తవ్వేటప్పుడు పోసే బురదలోని డీజిలు అంటుకుని, ఉత్త రాయి కాస్తా నూనె రాయిలా కనబడింది. నా నోటుబుక్కులోంచి అంకెలెత్తుకున్నాడు గానీ, పక్కన రాసింది చదవలేదు.

"ఏమండీ, ఆ నలభై ఒకటో రాయి..."

"పొద్దున్నే నస మొదలెట్టకు. చొక్కా ఇయ్యి."

ఇచ్చాను.

మీటింగులో నేను వెనక వరసలో కూర్చున్నాను. డైరెక్టరుగారు అరగంట ఓపిగ్గా విని, "ఈ ఒక్క రాయే మిగతావాటికి ఐదు రెట్లు నూనె చూపిస్తోందేంటి? డీజిలు గానీ కలిసిందా?" అని అడిగారు. మా ఆయన ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఒక్క క్షణం నా వంక చూశాడు. వెర్రిదాన్ని, కళ్ళతోనే నాకు తప్పయిందని చెప్పుకుంటున్నాడనుకున్నాను.

"ల్యాబులో పొరపాటు జరిగుంటుందండీ. అది మా ఆవిడ చూసుకుంటుంది. ఇంటి పని హడావిడిలో ఏదో..." అని నవ్వాడు. మరో నలుగురు నవ్వారు.

పేరు పోయినందుకు ఓర్చుకునేదాన్నేమో. కానీ నా పనిని, ఎంత జాగ్రత్తగా చేస్తానో ఈ లోకంలో ఆయనొక్కడికే తెలిసిన నా పనిని, నలుగురిలో నవ్వులపాలు చేశాడు.

"మీకు సహాయం చేసింది ఈవిడేనా?" అన్నారు డైరెక్టరుగారు, నా వైపు తిరిగి.

లేచి నిలబడ్డాను. "సహాయం చేసింది ఆయనండీ. పని నేను చేశాను."

అనేశాక మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. పెళ్ళికి ముందు నన్ను చూసి పొంగిపోయిన ఆ కుర్రాడు అప్పుడే, ఆ గదిలోనే పోయినంత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తెర దగ్గరికి నడిచి, ఆయన చేతిలోంచి మైకు తీసుకుని, మొదటి రాయి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.