చిన్న బెల్టు, పద్దెనిమిదో పేరు

డేల్ లాహ్తీ చిన్న బెల్టు గెలిచిన రోజే దాన్ని పోగొట్టుకున్నాడు. 1994 ఆగస్టు పదమూడు, శనివారం, మధ్యాహ్నం మూడు దాటింది. కౌంటీ జాతరలో, పశువుల ప్రదర్శన షెడ్డు పక్కన వేసిన డేరా కింద ఆ బెల్టు ఒక పావుగంట సేపు అతని ఒళ్ళో ఉంది. ఆ తర్వాత లేదు. ఆ పావుగంట గురించి ఎక్కడా రాసి లేదు.

బెల్టు అసలు పేరు టెలివిజన్ ఛాంపియన్‌షిప్. హార్బర్ స్టేట్స్ రెజ్లింగ్ అనే చిన్న కంపెనీది. వాళ్ళ కుస్తీలు ఊరి టీవీలో పద్నాలుగు నెలలు వచ్చాయి. తర్వాత స్టేషన్ వాళ్ళు ఆ గంటను చేపలు పట్టే కార్యక్రమానికి ఇచ్చేశారు. టీవీ పోయినా బెల్టు పేరు మారలేదు. టీవీ కోసం పెట్టిన పది నిమిషాల గడువూ మారలేదు. పది నిమిషాల్లో తేలకపోతే బెల్టు ఉన్నవాడి దగ్గరే ఉంటుంది. పెద్ద బెల్టు కుస్తీ అన్నిటికన్నా ఆఖర్న. చిన్న బెల్టుది విరామానికి ముందు, జనం సాసేజ్ రొట్టెల కోసం లేవబోయే వేళ.

ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. అది అందరికీ తెలిసిందే. కానీ ఎవరు గెలిచారన్నది మాత్రం రింగులోనే తేలాలి. భుజాలు రెండూ మ్యాట్‌కి ఆని ఉండగా, జనం చూస్తుండగా, రిఫరీ చెయ్యి మూడుసార్లు పడాలి. పడితే పడ్డట్టే. ఆ ఒక్కదాన్నీ ఆ మనుషులు అబద్ధం అనుకోరు.

డేల్ అక్క వెర్నాకి ఇదంతా మార్చిలో, ఆసుపత్రి గదిలో తెలిసింది. అంతవరకు ముప్పై ఏళ్ళపాటు డేల్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"అక్కా, ఒక్క పని చేసిపెడతావా?" అన్నాడు ఆ రోజు.

"చెప్పు."

"నోయెల్ అని ఒకడున్నాడు. చిన్న బెల్టు జాబితా రాస్తాడు. అందులో నా పేరు రాయించు. రిఫరీ ఆర్ట్ మూడు కొట్టాడక్కా. నా చెవి పక్కనే కొట్టాడు. నేను విన్నాను."

వెర్నా అష్టబులాలో ఏడో తరగతి పిల్లలకి ముప్పై ఒక్క ఏళ్ళుగా చరిత్ర చెబుతోంది. తమ్ముడు పందొమ్మిదేళ్ళు వారాంతాల్లో కుస్తీ పట్టాడు. మిగతా రోజుల్లో ఫైబర్‌గ్లాస్ ఫ్యాక్టరీలో పని. కుస్తీలో అతని ఉద్యోగం ఓడిపోవడం. కొత్తగా వచ్చినవాడిని గొప్పవాడిలా చూపించాలంటే డేల్ చేతికి అప్పగించేవారు. అతను వాడి ముందు అందంగా కూలిపోయేవాడు. అక్కని జీవితంలో ఏదీ అడగని మనిషి ఇది అడిగాడు. తొమ్మిది రోజుల తర్వాత పోయాడు.

అంత్యక్రియలు అయిన ఐదో వారంలో, పిల్లలు భోజనాలకి వెళ్ళాక, వెర్నా ఖాళీ తరగతిలోంచి నోయెల్ ట్విచెల్‌కి ఫోన్ చేసింది. అతను టపా పంచే ఉద్యోగి. చిన్నప్పటి నుంచి ఏ ఆటా వదలకుండా చూసి, ప్రతి ఫలితమూ రాసిపెట్టుకున్నవాడు.

"లాహ్తీ అక్కగారా? అయ్యో, మేమంతా బాధపడ్డామండీ. ఆయనలా కింద పడే మనిషి ఇక పుట్టడు."

వెర్నా సంగతి చెప్పింది.

"ఆ రోజు నేను ఉన్నాను, మేడమ్. పదకొండేళ్ళవాణ్ణి. మూడు పడిందనే అరిచాను. తర్వాత విక్ రాడిగన్ మైకు పట్టుకుని, మూడోది పడేసరికే గడువు అయిపోయిందని చెప్పాడు. కంపెనీ ఆయనది. ఆయన చెప్పిందే రాశాను."

"గడువు అవలేదట. ఎనిమిది నిమిషాలే అయిందట."

"అయ్యుండొచ్చు. విక్ పోయాడు. రిఫరీ ఆర్ట్ పలంబో ఉన్నాడు. ఆయన ఒక్క ముక్క రాసిస్తే చాలు, పద్దెనిమిదో పేరుగా మీ తమ్ముణ్ణి వేస్తాను. ఆ రోజు ఆయనతో ఆడిన క్లైడ్ స్ట్రూథర్స్‌ది పదిహేడో పేరు. అతని రోజులు రెండు ముక్కలవుతాయి, ముందు ఆరువందల ముప్పై ఏడు, తర్వాత మూడువందల డెబ్బై అయిదు. మధ్యలో మీ తమ్ముడు. రోజుల దగ్గర 'ఒకటి కంటే తక్కువ' అని వేస్తాం."

"వేయండి. తక్కువైనా పర్వాలేదు."

"మరి శుక్రవారం లోపల కావాలి, మేడమ్. మే పదకొండున ఆఖరి ఆట. కంపెనీ మూసేస్తున్నారు, బెల్టు కూడా ఇక ఎవరికీ లేదు. ఫలితాలన్నీ కలిపి పుస్తకం ఒక్కసారే వేస్తాం. దాంతో నా జాబితా ముగిసిపోతుంది."

బుధవారం బడి అయ్యాక వెర్నా కారులో ఆర్ట్ ఉండే కానియట్‌కి వెళ్ళింది. సరస్సు మీద నుంచి చల్లటి గాలి. రోడ్డు పక్కన మంచు ఇంకా మురికి కుప్పలుగా ఉంది. ఆర్ట్ పలంబో రైల్వేలో రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాఫీ పోసి, సోంపు వాసన వేసే పల్చటి బిస్కట్లు ముందు పెట్టాడు.

"తినండి టీచరుగారూ. మా ఆవిడ ఉన్నప్పుడు బాగుండేవి. నేను చేస్తే పెంకులకి బదులు రూఫు మీద వేసుకోవచ్చు."

వెర్నా ఒకటి తీసుకుంది. అతను చెప్పినంత పనీ చేసింది అది.

"డేల్ ఒక మాట చెప్పాడు, మిస్టర్ పలంబో."

"ఆర్ట్ అనండి. ఏ మాటో తెలుసు. మీ ఫోను రాగానే అనుకున్నాను. మూడు కొట్టానా లేదా అనేగా?"

"కొట్టారా?"

"కొట్టాను." చేతిని బల్ల మీద ఒకసారి ఆనించి తీశాడు. "రెండు దగ్గర క్లైడ్ భుజం లేపాలి. అలా అనుకున్నాం. ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు దొర్లి గడువు దాటించాలి. కానీ అంతకుముందు డేల్ అతన్ని ఎత్తి పడేసినప్పుడు, గుడ్డ కింద చెక్కలు కలిసే చోట తల తగిలింది. జాతరవాళ్ళు తడి గడ్డి మీద బిగించిన రింగు. నాకు కళ్ళు కనిపించాయి టీచరుగారూ. తెల్లగా ఉన్నాయి. మనిషి లోపల లేడు."

"ఆపి ఉండొచ్చు కదా?"

"ఎలా ఆపుతాను? భుజాలు ఆని ఉన్నాయి. ముందు వరసలో పిల్లలు కూర్చుని నా చెయ్యే చూస్తున్నారు. రెండున్నర దగ్గర చెయ్యి గాల్లో ఆగిందంటే, ఇక అంతా ఉత్తదేనని నేనే చెప్పినట్టు. భుజం లేవకపోతే కొట్టాలి. నాకు నేర్పినాయన మొదటి రోజు చెప్పింది అదొక్కటే. కొట్టాను. గంట మోగింది. మీ తమ్ముడు బెల్టు ఒళ్ళో పెట్టుకుని మూలన కూర్చున్నాడు. మొహంలో నెత్తురు లేదు. గెలిచినవాడిలా లేడు."

"మరి విక్ ఎందుకు తీసేశాడు?"

ఆర్ట్ కాఫీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"విక్ తీయలేదమ్మా. విక్ అప్పుడు వెనక గుడారంలో ఉన్నాడు, ఏమీ చూడలేదు. డేల్ వెళ్ళి చెప్పాడు, గడువు దాటాక పొరపాటున గంట కొట్టారు, మూడోది చెల్లదు అని. నా వైపు చూశాడు. నేను అవునన్నాను."

వెర్నా చేతిలో బిస్కట్టు అలాగే ఉంది.

"డేలే చెప్పాడా?"

"డేలే. ఆ వసంతంలో క్లైడ్ అప్పటికే ఒకసారి అలా స్పృహ తప్పాడు. రెండోసారి అని తెలిస్తే విక్ ఇంటికి పంపేసేవాడు. క్లైడ్ భార్యకి అప్పుడు ఏడో నెల. ఇక ఆ మనిషికి చిన్న బెల్టు తప్ప చెప్పుకోడానికి ఏముంది? అందుకని మీవాడు తన గెలుపు తనే తుడిచేసుకున్నాడు. ఓడటంలో మొనగాడని ఊరికే అనలేదు."

"నాతో అది చెప్పలేదు."

"ఎలా చెబుతాడు? క్లైడ్ ఇంకో ఏడాది ఆ బెల్టుతో తిరిగాడు. ఆ తర్వాత ఆరేళ్ళు. ఎన్నిసార్లు తల తగిలిందో దేవుడికే తెలియాలి. ఇప్పుడు కూతురు ఎవరో తెలియదు. అరవై ఆరేళ్ళే మనిషికి. డేల్ ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు. ఆ రోజు మనం నోరు విప్పి ఉంటే క్లైడ్ ఇంట్లో కూర్చునేవాడు కదా ఆర్ట్ అని. నేను ఏం చెప్పను? కూర్చునేవాడే."

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. వెర్నాకి ఆసుపత్రి గది గుర్తొచ్చింది. అప్పుడు డేల్ గొంతులో ఉన్నది ఆశ అనుకుంది. తప్పు చేశానన్న బాధ కూడా అయి ఉంటుందని ఇప్పుడు అనిపించింది. అయినా అడగడం అడిగాడు. ఆ మాట నిజం.

"మీరు రాసిస్తారా?" అంది.

"ఇస్తాను. నా వయసుకి భయం దేనికి? కానీ మూడు పడిందని రాస్తే, క్లైడ్ భుజం ఎందుకు లేవలేదని నోయెల్ అడుగుతాడు. వాడు అడగకుండా ఉండడు. అది పుస్తకంలో పడుతుంది. క్లైడ్ కూతురు చదువుతుంది. కాబట్టి ముందు నాతో రండి. చూశాక కూడా రాయమంటే రాస్తాను."

క్లైడ్ ఉండే వృద్ధాశ్రమం రెండు మైళ్ళ దూరం. క్లైడ్ స్ట్రూథర్స్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఇప్పటికీ భుజాలు తలుపంత ఉన్నాయి, చొక్కా మాత్రం వదులు. గోడకి పాత పోస్టరు ఒకటి, దాని కింద అట్టముక్క మీద పెద్దగా రాసిన సంఖ్య. అతని కూతురు జోలీన్ గోళ్ళు కత్తిరిస్తోంది.

"ఆర్ట్ మామయ్యా, ఇవాళ బుధవారమేనా? మీరొస్తే తప్ప నాకు వారాలు తెలియవు."

"ఈవిడ డేల్ లాహ్తీ అక్క."

జోలీన్ కత్తెర పక్కన పెట్టి లేచింది. "మీ తమ్ముడు ప్రతి నెలా వచ్చేవారండీ. ఏం మాట్లాడేవారు కాదు. నాన్నకి షేవింగ్ చేసి వెళ్ళేవారు."

అది కూడా వెర్నాకి తెలియదు.

"నాన్నా, వీళ్ళకి చెప్పు. ఎన్ని రోజులు?"

క్లైడ్ తలెత్తాడు. ఇద్దరి మొహాలూ చూసి, ఎవరో పోల్చుకోలేక, గోడ వైపు మాత్రం చూడకుండా జవాబిచ్చాడు.

"వెయ్యి పన్నెండు. ఒక్క రోజు కూడా విడవలేదు."

"చూశారా?" జోలీన్ నవ్వింది. "నా పేరు అడిగితే ఒక్కోరోజు ఒక్కోటి చెబుతాడు. నిన్న మా అత్త పేరు పెట్టాడు నాకు. ఇది మాత్రం తప్పడు. డాక్టరు కూడా దీంతోనే మొదలుపెడతాడు."

వెర్నా ఆయన ముందున్న కుర్చీలో కూర్చుంది. "డేల్ లాహ్తీ గుర్తున్నాడా, మిస్టర్ స్ట్రూథర్స్?"

క్లైడ్ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ బయట ఎవరో కారు మీద, మంచు రోడ్లకి చల్లే ఉప్పు మరకలు కడుగుతున్నారు.

"లాహ్తీ," అన్నాడు క్లైడ్. "మంచివాడు. వాడు పడేస్తే పరుపు మీద పడ్డట్టే ఉండేది. ఒక్క దెబ్బ తగలనివ్వలేదు." కాస్త ఆగి, "వాడికి ఒకసారి ఇవ్వమని చెప్పాను విక్‌కి. బెల్టు. వచ్చే వేసవిలో చూద్దాంలే అన్నాడు. ఇచ్చాడా?"

ఆర్ట్ నేల చూపులు చూశాడు. జోలీన్ జవాబు కోసం వెర్నా వైపు తిరిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా వెర్నా పిల్లలకి చెప్పేది ఒకటే. జరిగింది రాయండి, జరగాల్సింది కాదు. పరీక్ష పేపర్ల మీద ఎర్ర సిరాతో ఎన్ని వందలసార్లు రాసిందో.

"లేదండీ," అంది. "ఇవ్వలేదు."

"పాపం," అన్నాడు క్లైడ్.

తిరిగి వచ్చాక ఆర్ట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాడు. వెర్నా రాయమనలేదు, వద్దనీ అనలేదు. ముసలి చెయ్యి, వంకర అక్షరాలు. మూడోది గడువులోపలే పడింది, భుజాలు రెండూ ఆని ఉన్నాయి, గెలిచింది డేల్ లాహ్తీ, ఇట్లు రిఫరీ ఆర్థర్ పలంబో. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను చూసింది ఇది. ఏం చేస్తారో మీ ఇష్టం టీచరుగారూ. నేను అప్పుడు తప్పు చెప్పానో, ఇప్పుడు తప్పు చేస్తున్నానో నాకు తెలియడం లేదు."

గురువారం నోయెల్ ఫోన్ చేశాడు. ఇంకా చూస్తున్నానని వెర్నా చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం రెండుసార్లు చేశాడు. ఆమె తరగతిలో ఉంది. ఫోను మోగడం వినిపించింది. పిల్లలు అంతర్యుద్ధం గురించి రాస్తున్నారు. ఆమె కిటికీ దగ్గర నిలబడి, అది ఆగేదాకా ఆగింది. సాయంత్రం ఫోను తీసింది.

"ఏం చెప్పను, మేడమ్? ఆర్ట్ రాసిచ్చాడా?"

"పుస్తకం వేసేయండి," అంది వెర్నా.

"మరి మీ తమ్ముడు?"

ఆమె ఆర్ట్ కాగితాన్ని మళ్ళీ మడిచి సొరుగులో పెట్టింది. మంచిది మేడమ్ అని నోయెల్ ఫోను పెట్టేశాడు.

మే పదకొండున స్లోవాక్ క్లబ్ హాలులో ఆఖరి ఆట జరిగింది. వెర్నా వెళ్ళలేదు. పుస్తకం టపాలో వచ్చింది. నోయెలే తెచ్చి తలుపు దగ్గర ఇచ్చి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. నాలుగో పేజీలో చిన్న బెల్టు జాబితా. పదిహేడు, క్లైడ్ స్ట్రూథర్స్, వెయ్యి పన్నెండు రోజులు. పద్దెనిమిదో పేరు 1995లో గెలిచిన ఇంకొకతనిది. ఆమె ఆ పేజీని ఏడో తరగతి పేపరు దిద్దినట్టు పై నుంచి కిందికి చదివింది. అందులో అక్షర దోషాలు లేవు.

ఆర్ట్ రాసిన కాగితం ఆమె దగ్గరే ఉంది. దాన్ని ఎవరికీ పంపలేదు, చించలేదు. డేల్ అడిగిన పని జరగలేదు.