అత్త మందుకు చీమల సాక్ష్యం

పొద్దున లేవగానే పెరట్లో మా అత్త ఒంటికి కూర్చున్న చోటికి వెళ్లి చీమలు ఎన్ని చేరాయో చూడటం నా మొదటి పని. వాకిట్లో ముగ్గు కూడా దాని తరవాతే. చీమలు లేకపోతే ఆ రోజు నాకు పండగ. బారులు కట్టి ఉంటే అత్త ఒంట్లో చక్కెర పెరిగిందని, ముందు రోజు సూదిమందు సరిగా పనిచేయలేదని అర్థం. ఈ పరీక్ష నాకు ఏ డాక్టరూ నేర్పలేదు. రోజూ వాకిలీ పెరడూ ఊడ్చే ఆడదానికి ఏ చీమ ఎందుకొచ్చిందో తెలియకుండా ఉంటుందా?

మా అత్త సుగుణమ్మకు చక్కెర జబ్బని పట్నం దవాఖానలో తేల్చి, రోజూ ఇన్సులిన్ సూది వేయాలన్నారు. ఆ మందు పలచటి పాలలా ఉంటుంది. కదలకుండా పెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. ఒక్కో సీసా ఇరవై రోజులు. పట్నం వెళ్లి రెండేసి సీసాలు తెచ్చేవాడు మా ఆయన రఘుపతి, తిరుమలగిరి బడిలో పంతులు. తెచ్చి దేవుడి గూట్లో పెట్టేవాడు. ప్రాణం నిలిపే మందును ఉప్పు చిప్ప పక్కన పెడితే మర్యాదగా ఉండదట. వాడుతున్న సీసా దీపం పక్కనే, రెండోది గూటి మూలన.

ఇక రోజూ అరుగు మీద నిలబడి ఆ సీసాను ఎడాపెడా కుదిపేవాడు. దవాఖాన మందు ఏదైనా బాగా కుదిపి వాడాలని ఆయన చదువు. చూడటానికి వాడకట్టు జనం కూడా వచ్చేవారు. కుదపడం అయ్యాక సీసా నా చేతికిచ్చి గోడవైపు తిరిగేవాడు. సూదిని చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయి. సూదిని ఉడకబెట్టడం, మందు కొలిచి ఎక్కించడం, పొడవడం, ఆ తరవాత అత్త తిండి చూడటం అన్నీ నావి. ఒకేచోట పొడిస్తే కండ గడ్డకడుతోందని కనిపెట్టి, ముగ్గు చుక్కల్లా మనసులో వరసలు పెట్టుకుని, రోజుకో చుక్క చొప్పున తొడ మీద చోటు మార్చేదాన్ని. ఇంటికొచ్చిన వాళ్లతో అత్త మాత్రం కొడుకే సూదులేసి బతికిస్తున్నాడని చెప్పుకునేది. మొదట్లో కోపం వచ్చేది, పోనుపోను నవ్వొచ్చేది. రెండూ మింగి చల్ల చిలకడానికి కూర్చునేదాన్ని.

ఆ ఏడు పోలీసు యాక్షన్ వచ్చింది. రజాకార్ల భయానికి, తెగిన రోడ్లకు అప్పటికే అంతంతమాత్రంగా ఉన్న బస్సులు పూర్తిగా నిలిచిపోయాయి. గూట్లో మిగిలింది వాడుతున్న సీసాలో సగం, విప్పని సీసా ఒకటి. అప్పటికే వారంగా చీమలు పెరుగుతున్నాయి. అత్త చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ, గడియకోసారి పెరట్లోకి పోతూ, వారంలో సగమైంది. మా ఆయన మందు రెట్టింపు వేయమన్నాడు. అలా వేస్తే పదిహేను రోజులకు రెండు సీసాలూ ఖాళీ. మందు లేకపోతే అత్త మాకు దక్కదు. మందే పాడైనట్టుందని నేనంటే ఒప్పుకోలేదు.

"ఇంగ్లీషు మందు సంగతి నీకేం ఎరుకనే?" అన్నాడు.

నాకు ఎరుకైంది కోడిగుడ్డు. ఇన్సులిన్ ఏదో జీవం ఒంట్లోంచి తీసిన మందని పట్నంలో నర్సమ్మ చెప్పింది. అలాంటప్పుడు అది గుడ్డులోని తెల్లసొన జాతిదే అయి ఉండాలి కదా? సొన సెగ తగిలితే గట్టిపడుతుంది, గిలకొడితే నురగవుతుంది, ఎంత బతిమాలినా మళ్లీ మొదటిలా కాదు. సీసాను వెలుతురుకు పట్టి చూశాను. పైన నురగ, గాజుకు అంటుకుని విరిగిన పాల లాంటి పలుకులు. దీపం సెగ, పంతులుగారి చేతి బలం కలిసి మందును విరగ్గొట్టాయి. ఇన్నాళ్లూ నేను అత్తకు ఎక్కించింది సగం నురగే.

చెబితే వినడు. అందుకని ఆ సీసా కడిగి, నీళ్లలో నాలుగు చుక్కల పాలు కలిపి పోసి, బిరడా అదిమి దీపం పక్కన పెట్టాను. పాలు విరగకుండా రోజూ రాత్రి ఆ నీళ్లు మార్చేదాన్ని. విప్పని సీసాకు అదృష్టం కొద్దీ సెగ తగల్లేదు. దాన్ని మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో దాచాను. ఆయన అరుగు మీద పాలనీళ్లు కుదిపి గోడవైపు తిరిగేవాడు. నేను లోపల అసలు సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి, దీపం వత్తి చేసినట్టు నిమ్మళంగా దొర్లించేదాన్ని. ఒక్క బుడగ లేకుండా మడ్డంతా కలిసిపోయేది. నాలుగో నాటికి చీమలు పలచబడ్డాయి. వారానికి ఒక్కటీ లేదు. అత్త లేచి నడుస్తుంటే, గట్టిగా కుదిపితే మందు ఎట్లా పనిచేస్తుందో చూడమని ఆయన వాడకట్టంతా చెప్పుకున్నాడు.

మందు అడుగంటే వేళకు బస్సులు మళ్లీ నడుస్తున్నాయని కబురొచ్చింది. ముందు రాత్రి పాలనీళ్లు మార్చాక నేను బిరడా సరిగా అదమలేదేమో, ఆ పొద్దున ఆయన అరుగు మీదికి సీసా తెచ్చేసరికి దాని నిండా చీమలు. జనం నోళ్లు తెరిచారు. మా ఆయన సీసాను వెలుతురుకు పట్టి చూసి, తల్లి ఒంట్లోని చక్కెరంతా మందు లాగేసి సీసాలోకి తెచ్చుకుందని వివరించాడు. పక్కింటి భద్రమ్మ దండం కూడా పెట్టింది.

మంచం మీదున్న మా అత్త పడీపడీ నవ్వింది.

"అవి పాల నీళ్లురా. ఇరవై దినాల సంది నువ్వు పాల నీళ్లే కుదుపుతున్నవ్. మందు కుండ కింద ఇసుకల ఉన్నది. నా నోరు కొడుకు పేరే చెప్పింది గని, సూది ఎవలు ఏస్తున్నరో నా తొడకు ఎరుకే."

ఆమె చూస్తూనే ఉందని నాకు ఆ క్షణందాకా తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. ఆ రోజు సూది వేసి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకున్నాను. సీసాలు తేవడానికి ఈసారి పట్నం నేనే పోతానని, తడిబట్టలో చుట్టి, కుదుపు తగలకుండా ఒళ్లో పెట్టుకుని తెస్తానని చెప్పాను. మా ఆయన చేతిలోని సీసాను, చల్లకుండను మార్చి మార్చి చూశాడు.

"మరి ఇంట్ల పని?"

కవ్వం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"దీన్ని ఎంత గట్టిగ తిప్పినా ఏం గాదు" అని చెప్పి బస్సుకు బయల్దేరాను.