కందెన ఏడ పూయాలె

చిన్నప్పటి సంది బావిల నీళ్లు చేదిన చెయ్యి నాది. గందుకే రామేశ్వర్‌రావు దొర నన్ను కొలువుల పెట్టుకున్నడు. కరీంనగర్ బస్టాండు ఎదురుంగ ఆయనకు హోటలుంది. పందొమ్మిది వందల అరవై నాలుగుల బొంబాయి నుంచి కాఫి మిషిని తెప్పిచ్చిండు. దాని పిడిని బలంగ కిందికి గుంజి ఇడవాలె. లోపలి స్ప్రింగు పిడిని మెల్లగ మీదికి తీస్కపోతుంటే కప్పుల కాఫి కారుతది. ఇద్దరు మొగోళ్లు గుంజలేక ఇడిసిపెట్టిన్రు. నేను గుంజిన. ఆరు నెలల సంది బీడీలు చుట్టే చాట ముట్టలే, నడుం నొప్పి లేదు, హాయిగున్న.

గా వారం పిడి మొండికేసింది. సగం దాక వచ్చి కిర్రుమని ఆగుడు. దొర పరేషానయ్యిండు. "శుక్రవారం దాక చూస్త లింగవ్వా. బాగుకాకుంటే వాపస్ పంపిస్త" అన్నడు. మిషినే లేకుంటే నేనెందుకు? మల్ల బీడీల చాటనే. నాకు బుగులు వట్టింది.

మా ఇంటాయన ఎడ్లబండి తోలుతడు. బండి కింద కందెన బుడ్డి వేలాడుతది, ఆముదంల కాల్చిన గడ్డి మసి కలిపింది. "ఇరుసు కిర్రుమంటే కందెన పెడ్తం. గంతే గద" అన్నడు. గురువారం పొద్దుగాల మిషిని ఇప్పి, పిడి తిరిగే సీలకు పూసిన. చెయ్యి ఊకుంటదా? లోపల కాఫి నీళ్లల్ల ఆడే కడ్డీ రబ్బరుకు గూడ దండిగ పూసిన. పిడి అల్కగ దిగింది. మురిసిపోయి మొదటి కప్పు దొరకు ఇచ్చిన.

ఒక్క గుక్క తాగి మొకం ముడిసిండు. "గిది కాఫా, బండి ఇరుసా? రేపు నీ పెనిమిటి అంతయ్యను బండి కట్టమను. మిషినిని పెద్దపల్లి రైలు స్టేషనుకు తోలాలె."

మా ఇంటాయన సంగతి ఇని కడుపు వట్టుకొని నవ్విండు. నాకు ఒళ్లు మండింది. "నువ్వే గద పూయమన్నది" అన్న. "ఇరుసుకు పూయమన్న గని, ఎద్దు నీళ్లు తాగే గోలెంకు పూయమన్ననా? ఇచ్చెటప్పుడు జర తాగి చూడలేవా?" అన్నడు. ఆరు నెలల్ల ఒక్క కప్పు గూడ నేను తాగలే. అది గిరాకీది, నాది కాదనుకున్న.

శుక్రవారం బండి రాకముందే హోటలుకు పోయిన. కడ్డీని, రబ్బరును కుంకుడు రసంతోటి కడిగిన. పదిసార్లు ఒట్టి ఉడుకునీళ్లు గుంజి పారవోసిన. రబ్బరుకు వేలికొసతోటి నెయ్యి రాసిన. కందెన బయటి సీలకే, ఒక్క చుక్క.

దొర రాంగనే "కడిగిన, ఒక్కపారి చూడు" అన్న. తానే పిడి గుంజిండు, ఒక్క చేత్తోటి. సప్పుడు లేదు. గింత అల్కగ దిగితే ఇగ నాతోటి ఏం పని?

దొర ఆ కప్పు తెచ్చి నా ముందట పెట్టిండు. "ముందుగాల నువ్వు తాగు. నిన్నటి రుచి నా నోట్లకెల్లి ఇంక పోలే."

తాగిన. చేదు. "గిదేనా దొరా, జనం ఎగవడి తాగేది?" అన్న.

"కందెన వాసనుందా?"

"లేదు."

"అయితే రేపటి సంది మొదటి కప్పు నీదే. నువ్వు తాగి బాగుందంటేనే గిరాకీకి పోవాలె. గిప్పుడు పిడి ఎవలన్న గుంజుతరు లింగవ్వా, దాన్ని బాగుచేసెటోళ్లు ఎవలున్నరు?"

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బయట మా ఇంటాయన బండి ఆపి, "ఏమెక్కియ్యాలె?" అని అడిగిండు.

"ఏం లేదు. లోపటికి రా, కాఫి తాగుదువు" అన్న. నా కప్పుల ఇంకో చెంచెడు చక్కెర ఏస్కున్న.